కూల్చిన ఊరికి కట్టిన ఇల్లు: న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆఫ్రోఫ్యూచరిస్టు గది

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో, ప్రవేశద్వారం ఉన్న అంతస్తులోనే, ఐరోపా సంపన్నుల గదులను గోడల పలకలతో సహా తెచ్చి నిలబెట్టిన విభాగం ఒకటి ఉంది. బంగారు పూత పూసిన చట్రాలను, పట్టు తొడుగుల కుర్చీలను, శతాబ్దాలుగా ఎవరూ కూర్చోని ఆసనాలను చూసుకుంటూ నడిచేవారికి ఆ పరిసరాల్లోనే, 508వ నంబరు గ్యాలరీలో, ఒక సాదా చెక్క ఇల్లు ఎదురవుతుంది. దాని గోడలు సగం తెరిచి ఉంటాయి, నడుమ ఇటుకల పొయ్యి ఉంటుంది, లోపల మాత్రం ఏ ఒక్క కాలానికీ చెందని వస్తువులు ఒకదానిపక్కన ఒకటి కొలువుతీరి ఉంటాయి. నల్లజాతివారి గతాన్ని, భవిష్యత్తును ఊహతో కలిపి చెప్పే ఆఫ్రోఫ్యూచరిజం అనే కళాధోరణిలో రూపొంది, 2021 నవంబరు 5న ప్రారంభమైన ఈ గదికి పెట్టిన ఇంగ్లీషు పేరును తెలుగులో చెప్పుకోవాలంటే ‘నిన్నటికి ముందు మనం ఎగరగలిగేవాళ్లం’ అనవచ్చు. నేను దీనిని మూడుసార్లు చూశాను. మొదటిసారి చూసిన తీరు తప్పని మూడోసారికి గాని నాకు తెలియలేదు. న్యూయార్క్ వచ్చే మన తెలుగువారు ఆ పొరపాటు చేయకుండా ఈ గదిని దాని పూర్తి అర్థంతో చూడగలగాలన్న కోరికతో ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇటువంటి గదులను మ్యూజియంవారు ‘పీరియడ్ రూమ్’ అంటారు. ఒక కాలం ఎలా ఉండేదో, ఒక కుటుంబం ఏ స్థితిలో బతికిందో ఆ ఇంటి సామాను చేత చెప్పించడం దాని ఉద్దేశం. అయితే అటువంటి గది కట్టాలంటే ఆ ఇల్లు కొంతకాలమైనా నిలిచి ఉండాలి, సామాను వారసుల చేతికి అంది ఉండాలి, ఏ వస్తువు ఎవరిదో చెప్పే కాగితాలు మిగిలి ఉండాలి. ఇల్లే నేలమట్టమై, వారసులు ఎటు పోయారో కూడా నమోదు కానివారికి ఏ ఆధారంతో గది కట్టగలం? ఈ గదిని రూపొందించినవారు ఆ ప్రశ్నను తప్పించుకోలేదు. సెంట్రల్ పార్కు కోసం కూల్చిన నల్లజాతివారి ఊరిలోని ఒక కుటుంబాన్ని అక్కడి నుంచి కదిలించకుండా ఉంటే, తరం వెంట తరం అదే నేల మీద పెరిగి ఉంటే, వారి ముదిమనవల ఇల్లు ఈనాడు, ఈనాటి తరువాత, ఎలా ఉండేదని ఊహించి, ఆ ఊహను ఊహగానే మన ముందు పెట్టారు. ఈ నిజాయితీయే ఈ గదికి ప్రాణమని నా అభిప్రాయం.

ఆ ఊరి పేరు సెనెకా విలేజ్. ఇప్పటి సెంట్రల్ పార్కులో పడమటి వైపున, సుమారు 82వ వీధికీ 89వ వీధికీ మధ్య అది ఉండేది. 1825లో జాన్ వైట్‌హెడ్, ఎలిజబెత్ వైట్‌హెడ్ దంపతులు తమ పొలాన్ని చిన్న స్థలాలుగా విడదీసి అమ్మకానికి పెట్టినప్పుడు, బూట్లు మెరుగుపెట్టి బతికే ఆండ్రూ విలియమ్స్ అనే ఇరవై అయిదేళ్ల నల్లజాతి యువకుడు 125 డాలర్లకు మూడు స్థలాలు కొన్నాడు. ఆ కాలంలోనే ఎపిఫనీ డేవిస్ అనే మరొకరు 578 డాలర్లకు పన్నెండు స్థలాలు కొన్నారు, ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ జయన్ చర్చి కూడా తన వంతు స్థలాలు తీసుకుంది. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం పూర్తిగా రద్దు కావడానికి ఇంకా రెండేళ్లు ఉన్న సమయమది. దక్షిణాన కిక్కిరిసిన నగరానికి దూరంగా, సొంత ఇల్లు, పెరటిలో కూరగాయలు, పిల్లలకు బడి, ఆదివారం ప్రార్థనకు గుడి ఉన్న ఊరు ఒకటి మెల్లగా రూపుకట్టింది.

భూమి కొనడం వారికి కేవలం ఆస్తి సంపాదన కాలేదు. 1821 నాటి రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం నల్లజాతి పురుషుడు ఓటు వేయాలంటే 250 డాలర్ల విలువైన ఆస్తి చూపించి, మూడేళ్ల నివాసం రుజువు చేయాలి. తెల్లవారికి ఆస్తి నిబంధన తొలగిపోతున్న కాలంలోనే వీరికి ఈ మెలిక పెట్టారు. 1845లో న్యూయార్క్ నగరం మొత్తం మీద ఓటు అర్హత ఉన్న నల్లజాతివారు వంద మంది ఉంటే, అందులో పది మంది ఈ ఒక్క ఊరివారే. 1855 జనగణన నాటికి ఇక్కడ సుమారు 225 మంది నివసించేవారు. వారిలో మూడింట రెండు వంతులు నల్లజాతివారు, తక్కినవారిలో ఎక్కువమంది ఐరిష్ వలసదారులు. మూడు చర్చిలు, ఒక పాఠశాల ఉండేవి. నల్లజాతి కుటుంబాలలో దాదాపు సగానికి సొంత ఇళ్లుండేవి.

నగరానికి పెద్ద పార్కు కావాలన్న నిర్ణయం జరిగినప్పుడు ప్రభుత్వ భూసేకరణ అధికారంతో ఆ ప్రాంతమంతా స్వాధీనం చేసుకున్నారు. పార్కు కోసం తీసుకున్న మొత్తం నేల మీద నుంచి సుమారు 1,600 మందిని ఖాళీ చేయించారు. సెనెకా విలేజ్ 1857తో ముగిసింది. ఆండ్రూ విలియమ్స్ తన ఇంటికి, మూడు స్థలాలకు కలిపి 3,500 డాలర్లు అడిగితే 2,335 డాలర్లు చేతిలో పెట్టారు. ఆనాటి పత్రికలు ఈ ఊరివారిని పాకలు వేసుకున్న ఆక్రమణదారులుగా, నీచమైన మాటలతో వర్ణించాయి. రిజిస్టరు పత్రాలున్న మనుషులను ఆక్రమణదారులని పిలవడం ఎంత సులభమో, ఆ పిలుపు వంద ఏళ్లకు పైగా చరిత్రగా ఎలా చెలామణి అయిందో తెలిసినప్పుడు, నాకు ఊరు కూల్చడం కన్నా ఆ మాటే పెద్ద అన్యాయంగా తోచింది. ఇళ్లు పోయాక మిగిలే జ్ఞాపకాన్ని కూడా ఆ మాట చెరిపివేసింది.

ఈ నేపథ్యంతో గదిలోకి చూడాలి. ‘లోకి చూడాలి’ అనడానికి కారణముంది: ఇంటి చుట్టూ తిరిగి, తెరిచిన గోడల గుండా, పారదర్శకమైన పలకల గుండా చూడాలే తప్ప గడప దాటే వీలు లేదు. దీని ప్రధాన రూపకర్త హానా బీచ్‌లర్. బ్లాక్ పాంథర్ చిత్రానికి కళా దర్శకత్వంలో ఆస్కార్ అందుకుని, ఆ విభాగంలో ఆ గౌరవం పొందిన తొలి నల్లజాతి వ్యక్తిగా 2019లో చరిత్రకెక్కినది ఆమే. పరిశోధకురాలు మిషెల్ కమాండర్ ఆమెతో కలిసి పనిచేశారు. పొయ్యికి ఒకవైపు 19వ శతాబ్దపు వంటిల్లును తలపించే భాగం, రెండోవైపు ఇంకా రాని కాలపు కూర్చునే గది ఉన్నాయి. మ్యూజియం భాండాగారం నుంచి తీసిన 19వ శతాబ్దపు అమెరికన్ మట్టిపాత్రలు, కామెరూన్ దేశపు బామిలెకె పూసల పని, ఈ గది కోసమే నేటి కళాకారులు చేసిన కొత్త వస్తువులు ఒకే కప్పు కింద చేరాయి. పొయ్యి చుట్టూ కాలాన్ని అమర్చడం ఎంతో ఆలోచించి చేసిన పని. మన ఇళ్లలోనూ తాతమ్మల సంగతులు ఎక్కువగా వినిపించేది పొయ్యి దగ్గరే గదా.

నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబెట్టినది గోడకాగితం. నైజీరియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన న్జిడెకా అకునిలి క్రాస్బీ రూపొందించిన ఈ పనిలో సెనెకా విలేజ్ పాత పటం, 19వ శతాబ్దపు నల్లజాతి మనుషుల ముఖాలు పొరలు పొరలుగా కలిసిపోయి ఉంటాయి, వాటి నడుమ ఆకుపచ్చగా ఒక మొక్క అల్లుకుని ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే అది బెండమొక్క. మన పులుసులోకి, వేపుడులోకి వచ్చే బెండకాయే. అమెరికాకు ఈ పంట చేరింది ఆఫ్రికా నుంచి బానిసల వర్తకం సాగిన దారిలోనే. ఇంగ్లీషులో దీనిని ఓక్రా అంటారు. ఆ మాటకు మూలం ఇగ్బో భాష అని చెబుతారు, క్రాస్బీ కుటుంబం మాట్లాడే భాష కూడా అదే. సంకెళ్లతో ఓడ ఎక్కించినప్పుడు మనుషుల పేర్లు మార్చేశారు, దేవుళ్లను మార్చేశారు. ఒక కూరగాయ మాత్రం తన పేరుతో సహా సముద్రం దాటి, అక్కడి వంటిళ్లలో నిలిచింది. పూర్వీకుల జ్ఞాపకం పుస్తకాలు లేనిచోట ఏ రూపంలో బతుకుతుందో చెప్పడానికి ఇంతకన్నా నికరమైన ఉదాహరణ నాకు తట్టదు. ఈ పనికి పెట్టిన పేరులో ‘వర్ధిల్లడం’, ‘మళ్లీ మళ్లీ తరిమివేత’ అనే రెండు భావాలూ పక్కపక్కనే ఉన్నాయి. గోడకాగితమూ సరిగ్గా అలాగే ఉంది.

హైతీలో జన్మించిన ఫాబియోలా జాన్-లూయీ చేసిన దుస్తు మరొక అద్భుతం. దూరం నుంచి చూస్తే అది రాణివాసపు పట్టు గౌను, దగ్గరికి వెళితే మొత్తం కాగితం. హైతీ ప్రజల వోడూ సంప్రదాయంలో ఎజిలీ అనే దేవతను ఉద్దేశించి దానికి ‘ఎజిలీ న్యాయం’ అని పేరు పెట్టారు. ఐరోపా రాణుల గదులు చూసి వచ్చిన కళ్లకు ఈ కాగితపు గౌను చూడగానే ఒక సంగతి స్ఫురిస్తుంది: ఆ పట్టు వెనుకనున్న సంపదలో కరీబియన్ చెరకు తోటల బానిసల శ్రమ కూడా ఉంది. మ్యూజియంవారు ఈ గదికి ఈ విభాగంలోనే చోటివ్వడం వల్ల ఆ పోలిక ఎవరూ చెప్పకుండానే మనసుకు అందుతుంది. ఇదే గదిని ఆధునిక కళల విభాగంలో పెట్టి ఉంటే ఈ బలం వచ్చేది కాదు.

రాబర్టో లూగో చేసిన కుండీ మీద బానిసలను విడిపించిన హారియట్ టబ్‌మన్, నేటి గాయని ఎరికా బాడూ ఒకరి వీపున ఒకరుగా కనిపిస్తారు. ఈని ఆర్చిబాంగ్ చేసిన గాజు దీపం పైనుంచి వేలాడుతుంది. ఇంకా కుర్చీలు, బొమ్మలు, పాత్రలు చాలానే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా వివరించను. జెన్ న్కిరూ తీసిన వీడియో గురించి మాత్రం చెప్పాలి. అయిదు ముఖాల టెలివిజన్ లాంటి కట్టడంలో అది నడుస్తూ ఉంటుంది, ఏ ముఖం వైపు నిలబడినా మరో ముఖం మీద ఏదో జరుగుతోందన్న భావన మనల్ని వదలదు. మొదటిసారి నాకు అది చికాకు కలిగించింది. ఇంటిలో టీవీ ఉండడమంటే ఆ కుటుంబం తన కథను తానే చూసుకోగలగడమని తరువాత అర్థమైంది.

ఆఫ్రోఫ్యూచరిజం అనే మాట 1993లో విమర్శకుడు మార్క్ డెరీ రాసిన వ్యాసంతో వాడుకలోకి వచ్చింది, ఆ ఆలోచన మాత్రం దానికన్నా చాలా పాతది. తాను శనిగ్రహం నుంచి వచ్చానని చెప్పుకున్న సంగీతకారుడు సన్ రా 1950ల నుంచే ఆ దారిలో నడిచాడు. ఇంకా వెనక్కి వెళితే, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లలో కొందరికి ఎగిరే విద్య తెలుసునని, కొరడా దెబ్బలు భరించలేని రోజున పొలంలో నుంచే లేచి సముద్రం మీదుగా స్వదేశానికి ఎగిరిపోయారని చెప్పే జానపద కథలున్నాయి. జార్జియా రాష్ట్రంలోని సెయింట్ సైమన్స్ దీవి వద్ద 1803లో ఇగ్బో బందీలు బానిసత్వానికి లొంగక నీళ్లలోకి నడిచి వెళ్లిపోయిన ఉదంతాన్ని అక్కడివారు ఈ కథతోనే కలిపి చెప్పుకుంటారు. గది పేరులోని ఎగరడం అక్కడిదే. ఈ సంగతి తెలియకుండా ‘ఫ్యూచర్’ అన్న మాట పట్టుకుని వెళితే రాకెట్లు, రోబోలు వెతుక్కుని నిరాశపడతారు. ఇక్కడి భవిష్యత్తు ముత్తాతల మాటల నుంచి మొలిచినది.

ఒక కొరత కూడా చెప్పాలి. నేటి కళాకారుల వస్తువులు ఎంత గొప్పగా ఉన్నాయంటే, వాటి వెలుగులో సెనెకా విలేజ్ మనుషులు కొంచెం వెనక్కి జరిగారు. ఆండ్రూ విలియమ్స్ అడిగిన ధర, అందిన ధర, ఓటు కోసం చూపించవలసిన 250 డాలర్లు వంటి గట్టి వాస్తవాలు మనసులో ఉంటేనే ఈ ఊహ పదునెక్కుతుంది. అవి లేకుండా వచ్చినవారికి ఇది అందమైన వస్తువుల గదిగానే మిగిలే ప్రమాదముంది. మొదటిసారి నాకు జరిగింది అదే. ఈ ఇంటికి కావలసిన సగం వివరణ మ్యూజియం బయట, పార్కు నేల మీద ఉంది.

అందుకే మూడోసారి వరుస మార్చాను. మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రవేశద్వారం ఫిఫ్త్ అవెన్యూ మీద 82వ వీధి దగ్గర ఉంటుంది. మ్యూజియం కూడా పార్కు భూమిలోనే నిలబడి ఉంది. అదే వీధి వరుసలో పార్కుకు అడ్డంగా పడమటికి నడిస్తే, కిలోమీటరు లోపే సెనెకా విలేజ్ ఉన్న చోటు వస్తుంది. దారిలో కనిపించే గ్రేట్ లాన్ అనే విశాలమైన పచ్చిక ఒకప్పుడు నగరానికి తాగునీరు నిలవచేసిన జలాశయం. ఆ జలాశయం కట్టేటప్పుడు యార్క్ హిల్ మీది నుంచి కదిలించిన నల్లజాతి కుటుంబాలు కొన్ని సెనెకా విలేజ్‌లోనే తలదాచుకున్నాయి, తరువాత అక్కడి నుంచీ వారిని లేపారు. సమ్మిట్ రాక్ అనే రాతిగుట్ట ఎక్కి నిలబడితే ఊరున్న నేలంతా కనిపిస్తుంది. పార్కు నిర్వహణ చూసే సెంట్రల్ పార్క్ కన్సర్వెన్సీ 2019లో ఇక్కడ చర్చి ఎక్కడుండేదో, బడి ఎక్కడుండేదో, ఎవరి ఇల్లు ఏ వైపో చెప్పే ఫలకాలు పెట్టింది. వారు నడిపే సెనెకా విలేజ్ నడకలు, బానిసత్వ విముక్తిని గుర్తుచేసుకునే జూన్‌టీన్త్ పండుగ సమయంలో ఇదే నేల మీద జరిపే సంగీత, కథా కార్యక్రమాలు ఈ గదికి నిజమైన కొనసాగింపని నేను భావిస్తాను.

2011లో కొలంబియా విశ్వవిద్యాలయం, బర్నార్డ్ కళాశాల, న్యూయార్క్ సిటీ కళాశాల పరిశోధకులు కలిసి ఇక్కడ తవ్వకాలు జరిపారు. ఆల్ ఏంజెల్స్ చర్చిలో సేవకుడిగా పనిచేసిన విలియం గాడ్‌ఫ్రీ విల్సన్ ఇంటి పునాదులు దొరికాయి. ఇనుప టీ కెటిల్, మాంసం కాల్చుకునే పెనం, పింగాణీ ముక్కలు, ఎముక పిడి ఉన్న పళ్ల కుంచె, చిన్న బిడ్డ తొడుక్కున్న చెప్పు దొరికాయి. పళ్లు తోముకునే కుంచె, అతిథులకు పోసే టీ, బిడ్డ కాలికి చెప్పు: పత్రికలు పాకలని రాసిన ఇంటిలో ఉన్న సామాను ఇది. ఫలకాలు చదివి, ఈ వస్తువుల సంగతి మనసులో పెట్టుకుని తిరిగి మ్యూజియానికి నడిచి వెళ్లాక, ఆ చెక్క ఇంటి వంటిల్లు నాకు పూర్తిగా వేరుగా కనిపించింది. అంతకుముందు అలంకారంగా తోచిన పాత్రలు ఒక్కసారిగా ఎవరో వాడుకున్నవి అయ్యాయి.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెబుతాను. హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. బస్సులో ఆ పేరు వేలసార్లు విన్నాను, చదువుకునే రోజుల్లో ఎన్నడూ అర్థం అడగలేదు. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న పేరుకు పొట్టి రూపం. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు వచ్చిన ఆఫ్రికన్ అశ్వదళం వారసులైన సిద్దీ కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. మన పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా దరువులో వారి వాటా ఉంది. న్యూయార్క్‌లో నల్లజాతి పూర్వీకుల గురించి ఇంత ఆర్తితో చదివిన నేను, మా ఊరి పేటపేరులో దాగిన ఆఫ్రికాను గమనించడానికి ఇంత దూరం రావలసివచ్చింది. ఏసీ గార్డ్స్‌కు కూడా ఇటువంటి గది ఒకటి ఉండాలని, అందులో మర్ఫా వినబడాలని గట్టిగా కోరుకుంటున్నాను.

వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియం 2023 మార్చిలో ఆఫ్రోఫ్యూచరిజం మీద పెద్ద ప్రదర్శనే ఏర్పాటు చేసింది. సినిమా దుస్తులు, సంగీత వాద్యాలు, రచయితల వస్తువులతో విషయమంతటినీ పరిచయం చేయడంలో అది విస్తారమైనది. లోతు విషయంలో మాత్రం నేను ఈ చిన్న ఇంటినే ఎంచుకుంటాను, ఎందుకంటే దీనికి నడిచి చేరగలిగిన ఒక ఊరుంది.

వెళ్లేవారికి కొన్ని వివరాలు. నేను వెళ్లినప్పుడు పెద్దలకు టికెట్టు 30 డాలర్లు, వృద్ధులకు 22, విద్యార్థులకు 17. న్యూయార్క్ రాష్ట్ర నివాసులు, న్యూయార్క్, న్యూజెర్సీ, కనెటికట్ విద్యార్థులు తమకు తోచినంత చెల్లించవచ్చు. మన పిల్లలు ఎందరో ఈ మూడు రాష్ట్రాలలోనే చదువుతున్నారు కనుక ఇది గుర్తుంచుకోదగినది. బుధవారం సెలవు, శుక్ర, శనివారాలలో రాత్రి 9 గంటల వరకు తెరిచి ఉంటుంది. నా సలహా ఏమిటంటే శుక్రవారం మధ్యాహ్నం సెంట్రల్ పార్క్ వెస్ట్ మీద 85వ వీధి ద్వారం గుండా లోపలికి వెళ్లి, ఫలకాలన్నీ నిదానంగా చదువుకుని, సమ్మిట్ రాక్ మీద కాసేపు కూర్చుని, పచ్చిక పక్కనుంచి తూర్పుకు నడిచి సాయంత్రానికి మ్యూజియం చేరండి. జనం పలచబడిన ఆ వేళలో 508వ గ్యాలరీలో ఇంటి చుట్టూ రెండుసార్లయినా తిరగండి. మొదటి చుట్టులో వస్తువులు చూడండి, రెండో చుట్టులో గోడమీది బెండమొక్కల మధ్య ఉన్న ముఖాలను ఒక్కొక్కటిగా వెతికి చూడండి.